బిదియా ఇసుకలో మా జాడ చూసి వచ్చిన పెద్దాయనకు

తలస్నానం చేసి వచ్చినా జుట్టులోంచి ఇసుక రాలుతూనే ఉంది. ఒళ్లు హూనమైపోయింది, కళ్లు మూస్తే నిద్ర రావడం లేదు. మస్కట్‌లోని మిత్రులు, ఊళ్లోని చుట్టాలు అందరూ ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. అందరం క్షేమంగా ఉన్నాం. పిల్లలు బాగున్నారు, అత్తయ్య బీపీ అదుపులోనే ఉంది. "ఆడది ముందుండి ఇంతమందిని ఎడారిలోకి తీసుకెళ్లడమేమిటి" అని కరీంనగర్ నుంచి సందేశాలు పంపిన పెద్దలకు విడిగా జవాబిస్తాను. ఇది మాత్రం ఒమన్ ఎడారిలో బండి చెడి చిక్కుకున్న మమ్మల్ని బయటికి తెచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు చెప్పుకోవడానికి రాస్తున్నది.

మస్కట్ నుంచి సూర్ వైపు వెళ్లే దారిలో 200 కిలోమీటర్లు దాటాక బిదియా వస్తుంది. ఖర్జూరపు తోటలు, చిన్న బజారు, ఆ వెనకే ఎర్రటి ఇసుక. షర్కియా ఇసుకలని ఇప్పటి పేరు. అక్కడి తెగ పేరు మీద వచ్చిన వహీబా ఇసుకలన్న పాత పేరే ఇంకా చాలామంది వాడుతారు. విస్తీర్ణం సుమారు 12,500 చదరపు కిలోమీటర్లు. ఉత్తర భాగంలో ఇసుక గట్లు వరసలుగా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి, కొన్ని 100 మీటర్ల ఎత్తు ఉంటాయి. గట్ల మధ్య లోయ పట్టుకుని దక్షిణంగా పోవడం పెద్ద కష్టం కాదు. అడ్డంగా గట్టు దాటాలంటేనే తంటా. బిదియాలో దిగి, లోయ వెంట వెళ్లి, ఒక రాత్రి గుడారాల్లో గడిపి, మర్నాడు తూర్పుకు తిరిగి అరేబియా సముద్రం పక్కన రోడ్డెక్కాలన్నది మా ఆలోచన.

ఆ ఆలోచనకు రూపం ఇవ్వడానికి నేను చాలా రాత్రులు కూర్చున్నాను, అందుకే చెప్పుకుంటాను. ఎండలు తగ్గిన నవంబర్, జాతీయ దినోత్సవం సెలవులు చూసి పెట్టుకున్నాం. ఆరు బళ్లు, 22 మంది. ముందు బండి, చివరి బండి అనుభవం ఉన్నవాళ్ల చేతిలో. అద్దంలో వెనక బండి కనిపించకపోతే ఎవరైనా సరే ఆగిపోవాలి. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు. ఇసుకలో పెట్రోలు ఖర్చు బాగా పెరుగుతుంది, లోపల బంకులుండవు కాబట్టి బిదియాలోనే ట్యాంకులు నింపి, పైన డబ్బాల్లో మరికొంత. పారలు, తాళ్లు, చక్రాల కిందికి ఇసుక పలకలు, జాకీ కూరుకుపోకుండా దాని కింద పెట్టే చెక్కలు, కంప్రెసర్లు. ఏ వస్తువు ఎవరి బండిలో ఉందో పట్టిక. ఫలానా వేళకు మా నుంచి కబురు రాకపోతే ఎవరికి చెప్పాలో రాసిన కాగితం మస్కట్‌లో ఒకరి చేతిలో. ఆ పట్టికను ఎవరైనా తప్పు పడితే ఇప్పటికీ ఊరుకోను.

ఇసుకలో దిగే ముందు టైర్లలో గాలి సగానికి తగ్గించాలి. 35 పీఎస్‌ఐ ఉండేదాన్ని 16కో 18కో దించితే టైరు వెడల్పుగా పరచుకుని ఇసుక మీద తేలుతుంది. ఇందులో ఒకటే చిక్కు. గాలి తగ్గిన టైరు రిమ్మును గట్టిగా పట్టుకోదు. పక్కవాటు దిబ్బ మీద ఉండగా ఒక్కసారి స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చేస్తుంది. మాకు జరిగింది అదే. నాలుగో బండికి ఒంటె ఒకటి హఠాత్తుగా అడ్డం వచ్చింది. దాన్ని తప్పించినందుకు ఆ అబ్బాయికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఎడమవైపు రెండు టైర్లూ ఊడిపోయాయి. ఒకదానికి స్టెప్నీ వేశాం. రెండోదాని అంచు రిమ్ములో కూర్చోలేదు. మా దగ్గరున్న చిన్న కంప్రెసర్ల గాలి చాలలేదు, అందులో ఒకటి కాలిపోయింది. లాగబోయిన బండి ఇరుసు దాకా దిగబడింది. మిగతా బళ్ల చక్రాలు నాలుగో బండికి సరిపోవు. పొద్దు వాలుతోంది, చీకట్లో గట్లు దాటడం ఎవరూ చేయని పని.

టైర్లు ఊడిన ఆ బండి అద్దెది. ఇసుకలోకి వెళ్తున్నామని చెప్పి, దానికోసమే అదనంగా డబ్బు కట్టి ఆఫ్‌రోడ్ బీమా తీసుకున్నాను. దిబ్బ మీదికెక్కితే ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ వచ్చింది. బీమావాళ్లు ఎత్తారు, చాలా మర్యాదగా మాట్లాడారు. "మేడమ్, బండిని తారు రోడ్డు మీదికి తీసుకొచ్చి మళ్లీ ఫోన్ చేయండి, అక్కడినుంచి మేము చూసుకుంటాం" అన్నారు. తారు రోడ్డు దాకా తీసుకురాగలిగితే మీతో నాకేం పని అని అడిగాను. నిబంధనల్లో అలాగే ఉందట. రోడ్డు లేనిచోటికని డబ్బు తీసుకుని, రోడ్డు మీదైతేనే వస్తామనే నిబంధనను ఏ మహానుభావుడు రాశాడో చూడాలని ఉంది. దిబ్బ దిగేలోపు "మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు" అని సందేశం వచ్చింది. దానికి మాత్రం సిగ్నల్ అందింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కాబట్టి పోలీసుల 9999కు చేయలేదు. అది ప్రాణం మీదికి వచ్చినవాళ్ల కోసం.

అప్పుడు వచ్చారు ఆయన. తెల్ల రంగు వెలిసిపోయిన పికప్ బండి, వెనక రెండు మేకలు. మేమెవరం పిలవలేదు, మేం అక్కడ ఉన్నామని చెప్పినవాళ్లూ లేరు. దుకాణాల దగ్గర నేర్చుకున్న హిందీ ముక్కలతో, చేతి సైగలతో తర్వాత చెప్పారు. పొద్దున ఆయన బావి పక్కనుంచి ఆరు బళ్ల జాడలు వెళ్లాయట. చివరి రెండూ బరువుగా ఉన్నాయట. ఈ లోయలో వెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాటేసరికి ఫలానా గట్టు దగ్గర తేలాలి. సాయంత్రం మేకల కోసం అటు వెళ్తే అక్కడ ఏ జాడా లేదు. తమవాళ్లు కాని ఆరు బళ్లు ఇంకా బయటికి రాలేదని ఆ మనిషి వెతుక్కుంటూ వచ్చారు. ఇది రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

వచ్చి బండి వైపు చూడలేదు. సలాం చెప్పి, నా చేతిలో చెమటకు తడిసి నలిగిపోయిన పేర్ల కాగితం ఉంటే దాన్ని తీసుకుని, మడిచి తలపాగాలో దోపుకున్నారు. తర్వాత మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పొద్దుటినుంచి ఆగిన ప్రతిచోటా నేనే లెక్కపెడుతున్నాను. పిల్లల నుంచి మొదలుపెట్టి అందరూ అయ్యాక నన్ను కలుపుకోవడం నా పద్ధతి. ఆయన మొదటి వేలు నావైపు చూపించి "ఒకటి" అన్నారు. అంతే, అప్పటిదాకా అందరికీ ధైర్యం చెప్పిన నేను బండి వెనక్కి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఎందుకో వివరించలేను. ఆయన 22 దాకా లెక్క పూర్తి చేసి, ఎండు కొమ్మలు ఏరి కాఫీ పెట్టారు. వెలుగు పోతోంది, ముందు టైరు చూడండి అని నేను తొందరపెడితే అరచేయి కిందికి ఆడించి "శ్వయ్య, శ్వయ్య" (మెల్లగా, మెల్లగా) అన్నారు. ఏలకుల వాసన వేసే ఆ చేదు కాఫీ, ఖర్జూరాలు అందరికీ అందాకే లేచారు.

ఆ టైరును ఆయన ఎలా ఎక్కించారో మా ఇంజినీర్లు (మా గుంపులో అరడజను మంది ఉన్నారు) నోరు తెరుచుకుని చూశారు. చెక్క మీద జాకీ పెట్టి చక్రం లేపారు. రిమ్ము అంచులో ఇరుక్కున్న ఇసుకను వేలికి గుడ్డ చుట్టుకుని ఓపిగ్గా తుడిచారు. మా గిన్నెలు తోముకునే సబ్బు నీళ్లు అంచంతా పూశారు. టైరు నడుం చుట్టూ తాడు కట్టి, ముడిలో కర్ర దూర్చి మెలితిప్పారు. తాడు బిగుసుకునేకొద్దీ టైరు అంచులు బయటికి ఉబ్బి రిమ్మును తాకాయి. అప్పుడు తన పికప్ బ్యాటరీకి తగిలించిన పెద్ద కంప్రెసర్‌తో గాలి కొట్టారు. ఠప్‌మని చప్పుడు, ఆ వెంటనే మరొకటి. పిల్లలు చప్పట్లు కొట్టారు. దిగబడిన బండిని మాత్రం ఆ రాత్రి ముట్టుకోనివ్వలేదు. తెల్లవారుజామున ఇసుక చల్లబడి కాస్త గట్టిపడుతుంది, అప్పుడు లాగుదామన్నారు.

రాత్రికి వాళ్లింటికే తీసుకెళ్లారు. ఖర్జూరపు మట్టలతో కట్టిన ఇల్లు, పక్కన మేకల దొడ్డి, ముందు పెద్ద ఘాఫ్ చెట్టు. అత్తయ్య బండి దిగి టార్చి వెలుగులో ఆ చెట్టును చూసి "ఇది జమ్మి కదే" అన్నారు. నిజమే, ఒమన్ ఎడారిలో ఘాఫ్, మన తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి ఒకటే చెట్టు. నీళ్లు ఎంత లోతున ఉన్నా వేళ్లతో వెతుక్కుని ఇసుకలో బతికేస్తుంది. అత్తయ్య చెప్పులు విడిచి చెట్టు చుట్టూ తిరిగి, ఆకులు కొన్ని తుంచి, దసరానాడు బంగారం ఇచ్చినట్టు రెండు చేతులతో పెద్దాయన చేతిలో పెట్టి నమస్కరించారు. ఆయన ఎంతో గౌరవంగా అందుకుని, పక్కనున్న మేకపిల్ల నోటికి అందించారు. దానికోసమే కోశారనుకున్నారు పాపం. అత్తయ్య ఒక్క క్షణం నివ్వెరపోయి, తర్వాత కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. పొద్దుటినుంచి ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. బయట ఎక్కడా పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి, ఆ ఇంటి ఆడవాళ్లు ఇచ్చిన మేకపాల టీ రెండు గ్లాసులు తాగి వాళ్ల చాప మీదే నిద్రపోయారు. ఆ ఇంటి ఇల్లాలు ముఖానికి ముసుగు తీయకుండానే మా చిన్నదాని కాలికి గుచ్చుకున్న ముల్లు తీశారు.

తెల్లవారకముందే బండి బయటికి వచ్చేసింది. ఇసుక చల్లగా ఉంది కదా, రెండు పలకలు, ఒక్క లాగుడు. సముద్రం సంగతి వదిలేయమని, ముందు వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్తానని ఆయనే నిర్ణయించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తారు రోడ్డు దాకా ముందు నడిచారు. గట్టు ఎక్కేటప్పుడు నిటారుగా ఎలా వెళ్లాలో, ఆగితే ముక్కు కిందికి ఉండేలా ఎలా ఆగాలో ఒక్కో బండికీ చేత్తో చూపించారు. రోడ్డెక్కాక మేం అన్ని టైర్లలో గాలి నింపుకునేదాకా నిలబడే ఉన్నారు. తలపాగాలోంచి నా కాగితం తీసి ఇచ్చి, మళ్లీ లెక్కపెట్టారు.

డబ్బు ఇవ్వబోతే నా చేయి పక్కకు నెట్టారు. మరీ బతిమాలితే మా బండి పైనున్న ఖాళీ నీళ్ల డబ్బాలు చూపించి అవి పనికొస్తాయన్నారు. అన్నీ ఇచ్చేశాం. సకినాల డబ్బా కూడా, అది పిల్లలకని చెబితే తీసుకున్నారు. ఫొటో వద్దన్నారు, పేరు ఎక్కడా రాయొద్దన్నారు. రాయను. ఈ అక్షరాలు ఆయన ఎన్నడూ చదవరు, చదివి చెప్పేవాళ్లు ఆ దరిదాపుల్లో లేరు. అయినా, అయ్యా, మీకు వెయ్యి దండాలు. మళ్లీ వస్తాం, ఈసారి బీమావాళ్ల కోసం పెట్టిన డబ్బుతో మీ మేకలకు దాణా తెస్తాం.

మా ఆయన, మరిది, తోడికోడలు ఎలాగూ ఉన్నారు, పారలు పట్టి తవ్వారు, వంట చేశారు. వాళ్లకు థాంక్స్ చెబితే తిడతారు.

అన్నట్టు మరిచిపోయాను, బిదియాలో గాలి తీసిపెట్టిన టైర్ల దుకాణం బంగ్లాదేశీ కుర్రాడు, ఉత్తినే ఇచ్చిన రెండు వాల్వు పిన్నుల్లో ఒకటి చివరికి పనికొచ్చింది తమ్ముడూ. తెల్లవారుతూనే షట్టర్ ఎత్తి 22 మందికి టీ, పరాఠాలు ఇచ్చిన మలయాళీ హోటల్ చేట్టా, పిల్లలు ఇంకా ఆ పరాఠాల గురించే మాట్లాడుతున్నారు. ఫోన్ రాలేదని మస్కట్‌లో రాత్రంతా మేల్కొని, తెల్లవారగానే బయల్దేరబోయిన మా పై అంతస్తు అన్నయ్య, వదిన. కాగితం మీ దగ్గర పెట్టడం ఎంత మంచిదైంది! ఇసుక పలకలు ఇచ్చిన ఆఫీసు మిత్రురాలు, ఒకదానికి పగులు వచ్చింది, కొత్తది కొనిస్తాను. ఇంకా ఎవరినైనా వదిలేసి ఉంటే నిద్రమత్తు అనుకోండి, కోపం తెచ్చుకోకండి.

ఇప్పుడే అద్దె కంపెనీ బిల్లు వచ్చింది. బండి లోపల ఇసుక శుభ్రం చేసినందుకు వేరే రుసుము వేశారు. దాని సంగతి రేపు చూస్తాను.

పసుపురంగు తాడు, జాకీ మా ఇంట్లో ఉన్నాయి. ఎవరివో చెప్పండి, శుక్రవారం ఇంట్లోనే ఉంటాం, వచ్చి పట్టుకెళ్లండి.