చేపల పులుసు మానేసినవాడికి

ఒరేయ్,

నిన్న రాత్రి చెల్లె ఫోన్ చేసింది. నువ్వు ఇంట్లో లేని టైం చూసి చేసిందట. "అన్నా, మీ దోస్తు రెండు వారాల నుంచి చేపలు ముడుతలేడు, ఇంట్ల వండనిస్తలేడు, ఏమన్నా అంటే 2048 అంటడు. ఆ సంవత్సరం ఏమైతదన్నా?" అని అడిగింది. ఎవరో పంతులు నీ జాతకం చూసి ఏదో చెప్పాడేమో అనుకుని భయపడ్డాను. తర్వాత సినిమా పేరు చెప్పింది, సీస్పిరసీ అని. చేపల వేట మీద తీసిన డాక్యుమెంటరీ అది, 2048 నాటికి సముద్రాలు దాదాపు ఖాళీ అయిపోతాయని అందులో చెప్తారు. అప్పుడు నవ్వొచ్చింది. ఏమనుకోకు, 2021లో అది వచ్చిన కొత్తలో నేనూ చూశాను, నేనూ ఒక వారం చేపల మార్కెట్ వైపు పోలేదు. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలోనే వాదన పెట్టుకుంటావు కాబట్టి రాస్తున్నాను. పొడుగైతే తిట్టుకుంటూ అయినా చివరిదాకా చదువు.

ముందు ఆ 2048 సంగతి. ఆ అంకె గాల్లోంచి పుట్టలేదు. బోరిస్ వర్మ్ అనే సముద్ర శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి 2006లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. ఒక రకం చేప ఒకప్పుడు ఎక్కువలో ఎక్కువ ఎంత పడేదో, అందులో పదో వంతు కూడా పడకపోతే దాన్ని 'కుప్పకూలింది' అని లెక్కేశారు. అప్పటి పోకడే సాగితే 2048 నాటికి మనిషి వేటాడే రకాలన్నీ ఆ గీత కిందికి వస్తాయన్నారు. వలలో తక్కువ పడటం వేరు, సముద్రమే ఖాళీ కావడం వేరు కదరా. ఆ లెక్కను గట్టిగా తప్పుపట్టినవాళ్లలో రే హిల్‌బోర్న్ ఒకాయన. వర్మ్ ఆయనతోనే కలిసి కూర్చుని 2009లో అదే పత్రికలో మళ్లీ రాశాడు: చాలా రకాలు ఇంకా దెబ్బతినే ఉన్నాయి, కానీ వేటకు హద్దులు పెట్టిన చోట్ల మళ్లీ కోలుకుంటున్నాయి అని. ఈ సినిమా వచ్చింది అది జరిగిన 12 ఏళ్లకు. మొదటి మాట పట్టుకుని దిద్దుబాటు వదిలేశారు. భయపెట్టే అంకెకు ఉన్న గిరాకీ దిద్దుబాటుకు ఎక్కడుంటుంది!

అలాగని మొత్తం అబద్ధమని అననురా. పసిఫిక్‌లో తేలే పెద్ద చెత్త మేట ఉంది చూడు, దాని బరువులో 46 శాతం చేపల వలలేనని 2018లో తేలింది, అది నిజం. కాకపోతే అది ఆ ఒక్క మేట లెక్క. సినిమా చూసి లేచేసరికి మన బుర్రలో 'ప్రపంచంలోని సముద్రాలన్నిటి ప్లాస్టిక్‌లో సగం వలలే' అని మిగులుతుంది. నేను అలాగే మా ఆఫీసులో నలుగురికి చెప్పి వచ్చాను కూడా.

అన్నిటికంటే పెద్ద జోకు ఏంటంటే, నువ్వుండేది కరీంనగర్‌లో. నువ్వు తినేది మానేరు డ్యాంలో పట్టిన రవ్వ, బొచ్చె. సముద్రానికీ దానికీ ఏం సంబంధం లేదు, ఆ చేప పుట్టి పెరిగి నీ గిన్నెలో పడేదాకా ఉప్పునీళ్లు చూసి ఉండదు.

సరే, ఇదంతా నెట్‌లో వెతికితే దొరికేదే. నాకు డాక్యుమెంటరీల మీద అనుమానం ఎక్కడ మొదలైందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. పోచంపల్లి దగ్గర మా మేనమామ ఇంటికి నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి వచ్చావు, గుంట మగ్గంలో కాళ్లు పెట్టి ఇరుక్కుపోయావు, గుర్తుందా? ఆ ఇంటికే కొన్నేళ్ల కింద ఒక షూటింగ్ టీమ్ వచ్చింది. చేనేత మీద డాక్యుమెంటరీ. పిల్లలు మంచివాళ్లే, మర్యాదగా మాట్లాడారు, అత్తమ్మ చేసిన సర్వపిండి అడిగి మరీ తిన్నారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. మొదట మామను టీ షర్ట్ తీసేసి పంచె కట్టుకోమన్నారు. సరే, ఫోటోకు కూడా అలాగే కట్టుకుంటాడు కదా అనుకున్నా. తర్వాత ట్యూబ్‌లైట్ ఆర్పి కిటికీ వెలుతురు ఉంచారు. సరే, అందంగా ఉంటుంది. ఆ తర్వాత మూలనున్న ఆసు యంత్రం మీద దుప్పటి కప్పారు.

నీకు ఆసు గురించి తెలియదు కదా. చిటికి కట్టి, అంటే నూలుకు అక్కడక్కడా ముడులు వేసి, రంగులద్దే ముందు పేక నూలును చెక్క మీద అర్ధచంద్రంగా కొట్టిన మేకుల చుట్టూ ఒక్కో పోగు చొప్పున తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఊగాలి. మా దగ్గర ఆ పని ఆడవాళ్లదే. నలభై దాటేసరికి అందరికీ భుజాలు పోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి ఆసు పోసే యంత్రం చేశాడు, ఆమె పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అత్తమ్మకైతే ఆ యంత్రం దేవుడి పటంతో సమానం, దసరాకు బొట్టు పెడుతుంది. దాని మీద దుప్పటి కప్పి, అటక మీద పడేసిన పాత చెక్క దింపించి, ఆమెను దాని ముందు కూర్చోబెట్టి "అమ్మా, పాత రోజుల్లోలాగా పొయ్యండి" అన్నారు. ఆమె నవ్వుతూ పోసింది. ఇరవై నిమిషాలు. రాత్రి నేను భుజానికి ఆయింట్‌మెంట్ రాశాను.

సినిమాలో మాత్రం 'పాత రోజుల్లో' అన్న ముక్క లేదు. 'నేటికీ యంత్రం తాకని చేతులు' అని బొంగురు గొంతుతో వినిపించారు, వెనక వేణువు. ఇంకోటి కూడా చూశాను. మామ కెమెరా ముందు ముప్పావు గంట మాట్లాడాడు, నూలు ధరలు, జీఎస్టీ, పవర్‌లూమ్ బట్ట మీద అచ్చేసి ఇకత్ అని అమ్మే చీరలు, కొడుకు మగ్గం ఎక్కనన్న సంగతి. సినిమాలో మిగిలింది ఒక్క వాక్యం, "ఇది మా తాతల నుంచి వచ్చిన విద్య" అని. ఆ వాక్యం కూడా రెండు ముక్కలు అతికించిందే. మాట వినిపిస్తుంటే మామ ముఖం బదులు చేతులు చూపించారు చూడు, అతుకు అక్కడుంది. ఇది తెలిశాక నేను ఏ ఇంటర్వ్యూలోనైనా ఉన్నట్టుండి చేతులో, కిటికీయో, చాయ్ గ్లాసో చూపిస్తే ఇక్కడ ఏదో కోసేశారని చెవులు రిక్కిస్తాను. చాలాసార్లు దగ్గో నత్తో ఉంటే కోస్తారు, తప్పేం లేదు. కానీ ఒక్కోసారి మొత్తం జీఎస్టీ అక్కడే పోతుంది.

తర్వాత పాత సినిమాల గురించి చదువుతుంటే నానూక్ ఆఫ్ ది నార్త్ దగ్గర ఆగిపోయాను. రాబర్ట్ ఫ్లాహెర్టీ తీశాడు, 1922లో వచ్చింది, డాక్యుమెంటరీలకు తాత లాంటిది. కెనడా ఉత్తరాన హడ్సన్ బే ఒడ్డున ఇన్యూట్ కుటుంబం కథ. హీరో అసలు పేరు అల్లాకరియల్లాక్. మంచు ఇల్లు లోపల చీకటి, కెమెరాకు చోటు చాలదు, అందుకని సగం కోసేసిన పెద్ద ఇల్లు కట్టించి, ఆ చలిగాలిలోనే వాళ్లను పడుకున్నట్టు నటించమన్నాడు. ఇది నాకు పెద్ద తప్పనిపించలేదు, ఇంకెలా తీస్తాడు పాపం, ఆ రోజుల్లో ఆ కెమెరాతో. కానీ వాళ్లు అప్పటికే తుపాకులతో వేటాడుతున్నారు. సినిమాలో తుపాకీ కనబడదు, ఈటెలే. గ్రామఫోన్ అంటే ఏంటో బాగా తెలిసిన మనిషి చేత దాన్ని వింతగా చూసి రికార్డును కొరికినట్టు చేయించాడు. అది చదివినప్పుడు నాకు వెంటనే మా మామ ఇంట్లో దుప్పటి గుర్తొచ్చింది. తొంభై ఏళ్ల తర్వాత బీబీసీవాళ్లు హ్యూమన్ ప్లానెట్‌లో అదే చేశారురా. పాపువాలో కొరోవాయ్ జనం అంతెత్తు చెట్ల మీద ఇళ్లు కట్టుకుని ఉంటారని 2011లో చూపించారు, అది కెమెరా కోసం కట్టించిన ఇల్లని 2018లో ఒప్పుకున్నారు. అవతలివాడు ఎంత పాతగా కనబడితే మనకు అంత ముచ్చట. నానూక్‌కు డబ్బు పెట్టింది తోళ్ల వ్యాపారం చేసే రెవియోన్ కంపెనీ, సినిమాలో ఆ కంపెనీ అంగడి ఎంత మంచిగా కనబడుతుందో చూడు. ఎవరు డబ్బు పెట్టారన్నది నేను ఇప్పుడు మొదట చూస్తాను. మన నాన్నల కాలంలో సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీల్ వేసేవాళ్లు కదా, సర్కారు సొమ్ము, అందుకే అది వేసినంతసేపూ మా నాన్న హాలు బయట బీడీ కాలుస్తూ ఉండేవాడట. విమర్శకుడంటే ఆయన!

నాకు నిజంగా కోపం తెప్పించింది మాత్రం లెమ్మింగ్‌ల సంగతి. మా ఆఫీసు ట్రైనింగ్‌లో ఒకాయన స్లైడ్ వేసి చెప్పాడు, మంచు దేశాల్లో ఎలుకల్లాంటి ఈ జీవులు గుంపుగా వెళ్లి సముద్రంలో దూకి చచ్చిపోతాయని, మీరు అలా కాకండని. అందరం తలలూపాం. ఈ నమ్మకాన్ని అంతగా వ్యాపింపజేసింది 1958లో డిస్నీ తీసిన వైట్ వైల్డర్‌నెస్, దానికి ఆస్కార్ కూడా ఇచ్చారు. అసలు జరిగింది 1982లో కెనడా టీవీ సీబీసీ బయటపెట్టింది. ఆల్బర్టాలో షూటింగ్ జరిగిన చోట సహజంగా లెమ్మింగ్‌లే ఉండవు. మానిటోబాలో పిల్లల దగ్గర కొనుక్కొచ్చి, మంచు పరిచిన తిరుగుడు బల్ల మీద పరిగెత్తించి గుంపులా చూపించి, చివరికి గట్టు మీంచి నీళ్లలోకి తోసేశారు. అది సముద్రం కూడా కాదు, నది. ఆ జీవులకు ఆత్మహత్య బుద్ధి లేదురా, మూడు నాలుగేళ్లకోసారి సంఖ్య విపరీతంగా పెరిగి కొత్త చోటు వెతుక్కుంటూ పోతాయి, నీళ్లు ఈదబోయి కొన్ని మునుగుతాయి, అంతే. తోసినవాళ్లు ఆస్కార్ తీసుకున్నారు, తోయించుకున్నవి సామెతగా మిగిలాయి.

మరి కల్పించి తీసిందంతా పనికిరాదా అంటే, ది థిన్ బ్లూ లైన్ చూడు. ఎరోల్ మోరిస్ 1988లో తీశాడు. డాలస్‌లో ఒక పోలీసును చంపాడని రాండల్ ఆడమ్స్ అనే అతన్ని జైల్లో పెట్టారు, ఒక దశలో మరణశిక్ష కూడా పడింది. సినిమాలో ఆ హత్య సీను నటులతో మళ్లీ మళ్లీ తీశారు. ఒక సాక్షి ఒకలా చెబితే అలా, ఇంకో సాక్షి ఇంకోలా చెబితే ఇలా, మిల్క్‌షేక్ కప్పు గాల్లో ఎగరడం కూడా స్లో మోషన్‌లో. ఏ ఒక్కటీ అసలు దృశ్యం కాదు, నువ్వూ అసలు దృశ్యం అనుకోవు. కానీ సాక్షులు ఎవరెవరు ఎలా తడబడ్డారో సినిమా కళ్లకు కట్టింది, ఆ మనిషి 1989లో బయటికొచ్చాడు. అంటే నటించి తీశారా లేదా అని అడగడం వల్ల నాకు పెద్దగా ఏమీ తేలలేదు. చూసి లేచినవాడు ఇంటికి ఏ నమ్మకం పట్టుకెళ్లాడు, అది తీసినవాడికి ముందే తప్పని తెలుసా, అది అడిగితే తేలుతుంది. 2011లో ఫ్రోజెన్ ప్లానెట్‌లో ధ్రువపు ఎలుగు పిల్లలు నెదర్లాండ్స్ జూలో పుట్టినవని తెలిసి ఇంగ్లండ్‌లో గోల అయింది. నాకైతే అంత గోల అక్కర్లేదనిపించింది. అసలు మంచు గుహలో కెమెరా పెడితే తల్లి పిల్లల్ని చంపేయొచ్చు. ఒక్క ముక్క తెర మీద వేసి ఉంటే సరిపోయేది, అంతే.

జంతువుల సినిమాల్లో నేనిప్పుడు చూసేది ఒకటే, పులీ జింకా ఒకే ఫ్రేములో కనబడ్డాయా లేదా అని. విడివిడిగానే చూపిస్తుంటే పులి పొద్దున పరిగెత్తి ఉంటుంది, జింక వేరే వారం బెదిరి ఉంటుంది. ఆ గడ్డి చప్పుడు, ఎముకలు నమిలే చప్పుడు కూడా తర్వాత స్టూడియోలో కలిపేవే, అంత దూరం నుంచి ఏ మైకుకు వినబడుతుంది చెప్పు. ఇంకా ఏడుపొచ్చే సీను వస్తే సౌండ్ ఆపి ఒకసారి చూస్తాను. ఏడుపు ఆగిపోతే అది వయొలిన్ పని. మా ఆవిడకు ఈ అలవాటు అస్సలు నచ్చదు, నాతో కలిసి సినిమా చూడటం మానేసింది. నువ్వు మాత్రం నాలాగా తయారవకు.

మా అత్తమ్మ కథ ఒక్క ముక్క మిగిలింది. ఆ సినిమా వచ్చిన నాలుగు నెలలకు హైదరాబాద్ నుంచి ఒకావిడ కారులో దిగింది, అదే ఇల్లు వెతుక్కుంటూ. చీర నచ్చింది, ధర నచ్చింది, అంతలో మూలనున్న యంత్రం చూసింది. "అయ్యో, మీరూ మెషీన్ వాడతారా, నాకు చేత్తో ఆసు పోసిందే కావాలి" అని చీర మడిచి పెట్టేసింది. మామ బతిమాలబోతే అత్తమ్మ ఆపింది. "పొయ్యనీ, అంత ఇష్టమైతే ఆమెనే వచ్చి కూసోని పొయ్యమను" అంది.

ఈ ఆదివారం నేను వస్తున్నాను. తిమ్మాపూర్ దాటేటప్పుడు డ్యాం దగ్గర ఆగి కొర్రమీను దొరికితే కొర్రమీను, లేకపోతే రవ్వ తెస్తాను. చింతపండు నానబెట్టమని చెల్లెకు చెప్పేశాను. వాదించాలనుకుంటే తిన్నాక వాదించు.

నీ
వాడే