తాళాలు విప్పే సరదాకి పెద్ద కిట్టు అక్కర్లేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మన పేపర్లో రిటైరైనోళ్ళకి కాలక్షేపాలు అని మొక్కలు, చెస్, నడక అన్నీ రాశారు బాగుంది, కానీ పాత తాళాల సిలిండర్లు, అంటే తాళంచెవి దూర్చే గుండ్రటి భాగాలు, విప్పి పిన్నులు మార్చి వేరే తాళంచెవికి సెట్ చేసి మళ్ళీ బిగించడం కూడా మంచి హాబీయేనండి, దాని గురించి ఎవరూ రాయరు. దొంగతనం నేర్పుతున్నారంటారని భయం కాబోలు. దొంగకి అంత ఓపికేటి, వాడు గునపంతో గొళ్ళెమే పీకేస్తాడు.

నేను రాసేది సామాను గురించి. మా శ్రీకాకుళంలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఈ పిచ్చిలో పడి ఆన్‌లైన్లో పెద్ద పెద్ద కిట్లు తెప్పించారు, తీరా చూస్తే అందులో ఎక్కువ వంపు తిరిగిన సన్నటి కడ్డీలే, అవి తాళంచెవి లేకుండా తెరవడానికి పెట్టినవి, సిలిండర్ విప్పడానికి ఎందుకూ పనికిరావు. అసలు కావాల్సింది ఫాలోవర్, అంటే ఒక గుండ్రటి కడ్డీ ముక్క, అంతే.

ఎందుకంటే 1861లో లైనస్ యేల్ జూనియర్ అనే అమెరికా తాళాలాయన పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇప్పటికీ మన తలుపు సిలిండర్లలో ఉంది, మధ్యలో తిరిగే ప్లగ్గు, అందులో కింది పిన్నులు, వాటి మీద పై పిన్నులు, ఆ పైన స్ప్రింగులు. సరైన తాళంచెవి పెడితే రెండు పిన్నుల మధ్య సందు ప్లగ్గు అంచుకి సరిగ్గా వస్తుంది, అప్పుడే తిరుగుతుంది. వెనకాల ప్లగ్గుని జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ తీసి, తాళంచెవి కొంచెం తిప్పి ఉంచి, ప్లగ్గుని ముందుకి లాగుతుంటే వెనకనుంచి ఫాలోవర్ దాన్ని ఆనుకునే లోపలికి వెళ్ళాలి, మధ్యలో రవ్వంత ఖాళీ వచ్చిందా స్ప్రింగులు పై పిన్నుల్ని ఆ ఖాళీలోకి తోసేస్తాయి, ఇంక బల్ల కింద టార్చిలైటుతో వెతుక్కోవడమే. అందుకే దాని సైజు ముఖ్యం, ప్లగ్గు కంటే వెంట్రుకవాసి సన్నంగా ఉండాలి. అమెరికా తాళాలకి ఎక్కువగా 12.7 మిల్లీమీటర్లు అంటే అరంగుళం ఉంటుంది, మన దగ్గర దొరికే వాటికి ఆ లెక్క పనిచేస్తుందనుకోకండి, వెర్నియర్‌తో, అదే సన్న కొలతలు తీసే స్కేలుతో, కొలిచి లేత్ షాపులో తీయించుకోండి. చెక్క కడ్డీని గరుకు కాగితంతో రుద్దినా నడుస్తుంది. బుడితి ఇత్తడి సామాను పుట్టిన జిల్లాలో ఉండి ఇత్తడి కడ్డీ ముక్క కోసం విదేశీ సైట్లు వెతకడం ఏటండీ.

ట్వీజర్లు సెల్‌ఫోన్ రిపేరోళ్ళు వాడేవి చాలు, కాకపోతే అయస్కాంతం ఎక్కినవి వద్దు, పిన్నులు ఇత్తడివి కాబట్టి వాటికి అతుక్కోవు గానీ ఉక్కు స్ప్రింగులు మాత్రం పట్టుకుని వదలవు, చిరాకు. పిన్నులు వరసగా పెట్టుకోడానికి ట్యాబ్లెట్లు పెట్టుకునే గళ్ళ డబ్బా ఉంటే చాలు, మామూలు సిలిండర్లో ఐదారు జతలే ఉంటాయి. బల్ల మీద తువ్వాలు పరవండి.

పిన్నుల కిట్టు మాత్రం తొందరపడి కొనకండి. అవి పొడుగులో 0.003 లేదా 0.005 అంగుళాల తేడాలతో వస్తాయి, ఖరీదెక్కువ, మొదట్లో తుక్కు షాపులో దొరికే రెండు పాత సిలిండర్ల పిన్నులే అటూ ఇటూ మార్చి చూసుకోండి. పిన్ను పొడుగైతే కొందరు ప్లగ్గునే ఆకురాయితో అరగదీస్తారు, అది చేయకండి, ప్లగ్గు అరిగితే తాళం వదులైపోతుంది. ఇంకోటి, కొబ్బరినూనె పోయకండి బాబూ, మన సముద్రం గాలికి దుమ్మంతా దానికి పట్టి జిడ్డుముద్ద అవుతుంది, పెన్సిల్ ముల్లు గీకిన పొడి వేయండి, అందులో ఎక్కువ గ్రాఫైటే.

షాపుల్లో వేలాడే తాళంకప్పల జోలికి వెళ్ళొద్దు. అలీగఢ్ రకాలు చాలావరకు రివెట్ కొట్టి మూసేసినవి, గోద్రెజ్ నవ్‌తాల్ లాంటివాటిలో పిన్నులే ఉండవు లివర్లుంటాయి, అంటే తాళంచెవి లేపే పల్చటి రేకులు, అది వేరే చదువు. వాడుకలో ఉన్న వీధి తలుపు తాళం కూడా వద్దు, రాత్రి పూట బిగించడం రాకపోతే ఇల్లంతా మీమీద పడుతుంది. మీ సొంత పాత సిలిండర్లయితేనే విప్పండి, పక్కింటోళ్ళవి వాళ్ళు అడిగితే తప్ప ముట్టుకోకండి.

వీలైతే ఈసారి హాబీల పేజీలో విప్పిన సిలిండర్ ఫొటో ఒకటి వేయండి, రాస్తే అర్థం కానిది చూస్తే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, శ్రీకాకుళం