మన ఫియట్, నీ పిల్లలు

కడప

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాయన ఆశీర్వదించి వ్రాయునది.

వేసవి సెలవులకు పిల్లలను మా దగ్గర ఉంచుతానని, ఆ రోజుల్లో ఫోన్లు పక్కన పెట్టించి మన ఫియట్ మీద ఆసక్తి కలిగించమని రాశావు. మీ అమ్మ అప్పుడే ఊరగాయల లెక్కలో పడింది. పాత కారు మీద ఇష్టం ఉపన్యాసాలతో పుట్టదని నా అభిప్రాయం. బండికి గుడ్డ కప్పి, ముట్టుకోవద్దని కసురుతూ, దాని గొప్పలు మాత్రం చెప్పే పెద్దల దగ్గర పిల్లలకు మిగిలేది విసుగే. అందుకే మొదటి రోజే బానెట్ ఎత్తి, వాళ్ల చేతికి స్పానరు ఇస్తాను.

ఇప్పటి కార్లలో బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. దాని కింద జరిగేదంతా కంప్యూటరు చూసుకుంటుంది. మన 1089 సీసీ ఇంజనులో పెట్రోలు ఏ గొట్టంలో వచ్చి కార్బురేటర్‌లో గాలితో కలుస్తుందో, కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి ఏ వైరు ఏ ప్లగ్గుకు పోతుందో వేలు పెట్టి చూపించవచ్చు. నాలుగు సిలిండర్లూ 1-2-3-4 వరుసలో కాక 1-3-4-2 వరుసలో ఎందుకు మండుతాయో పెద్దవాణ్ణే కనుక్కోమంటాను. ఒకటీ నాలుగూ పిస్టన్లు కలిసి లేస్తాయి, రెండూ మూడూ కలిసి లేస్తాయి. ఒక జతలోది మండి కిందికి దిగేసరికి రెండో జత పైకి చేరి ఉంటుంది కాబట్టి, తర్వాతి వంతు ఆ జతలోని దానిదే కావాలి. జవాబు నేను చెప్పను, నువ్వూ ఫోనులో చెప్పకు.

చిన్నదానికి ఈ లెక్కలకంటే స్టీరింగు పక్కన ఉన్న గేరు రాడ్డే వింతగా తోస్తుందనుకుంటాను. బండి నిలిపి ఉంచి, క్లచ్ నేను తొక్కుతాను, గేరు అది మారుస్తుంది.

ఇది వింటేజ్ కారేనా అని పెద్దవాడు తప్పక అడుగుతాడు. పాత కార్లు సేకరించేవారి లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవే వింటేజ్. మనది 1968 నాటి ఫియట్ 1100 డిలైట్. ఇటలీ కంపెనీ నమూనాను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేశారు, అదే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. అయితే కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనం వింటేజ్ కిందికి వస్తుంది. కొత్తగా నమోదు చేయించుకోవడానికి 20,000 రూపాయలు, నంబరులో వీఏ అన్న అక్షరాలు. ఆ నంబరు పలకను చూసి పిల్లలు మురిసిపోతారు, నిజమే. కానీ అలా నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. తిరగని బండి మీద పిల్లలకు ప్రేమ పుడుతుందని నేను నమ్మను కాబట్టి, ఆ పలక మీద నాకు మోజు లేదు.

మన ఊరి పొడి గాలికి రేకు త్వరగా తుప్పు పట్టదు గానీ, ఎండకు రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. వాటిని వంచి చూసి, పగిలినవాటిని మార్చడం ఇద్దరికీ అప్పగిస్తాను. ఆ పని అయ్యాకే గువ్వలచెరువు ఘాటు రోడ్డు మీద ప్రయాణం. ఎండలో ఘాటెక్కుతుంటే ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరైపోతుంది, ఇంజనుకు పెట్రోలు అందించే పంపు ఆ ఆవిరిని లాగలేదు, బండి ఆగిపోతుంది. అప్పుడు నీడన ఆపి, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఓపిక పట్టాలి. తెల్లవారుజామునే బయలుదేరితే ఆ ఇబ్బంది రాకపోవచ్చు, కానీ ఒకసారి వస్తే వాళ్లకే మంచిదని లోలోపల అనిపిస్తోంది. మీ అమ్మకు ఈ మాట చెప్పకు. పైకి చేరాక గువ్వలచెరువు పాలకోవా ఎలాగూ ఉంటుంది.

నీ భయం నాకు తెలుసు. పిల్లలిద్దరూ వెనక సీట్లోనే కూర్చుంటారు, ముందు సీటుకు బెల్టులు పెట్టించినా సరే. వేడిగా ఉన్న రేడియేటరు మూత జోలికి వెళ్లకూడదన్న నియమానికి మాత్రం మినహాయింపు లేదు.

సూట్‌కేసులో పాత బట్టలు రెండేసి జతలు పెట్టు. గ్రీజు మరక ఉతికినా పోదు. పెద్దవాడికి వేళ్లకు సరిపడే చేతి తొడుగులు అక్కడే కొను, ఇక్కడ ఆ సైజు దొరకడం లేదు. టికెట్లు ఏ తేదీకి దొరికాయో రాయి, కొత్త గొట్టాలు అప్పటికి తెప్పించి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ నాయన