సూపులో ఏముందో బోర్డుపై రాయాలి

సంపాదకులకు నమస్కారములు.

మా బరంపురంలోని ఒక ఫుడ్ కోర్టులో 130 రూపాయలకు గిన్నెడు కొరియా సూపు, పక్కన కప్పుడు అన్నం పెడుతున్నారు. పోయిన కార్తికమాసంలో నేనూ నా భార్యా అక్కడికి వెళ్లి సుందుబు చిగే అడిగాము. నీరు పిండని మెత్తటి టోఫును (సోయాపాల పనీరును) కారంతో, వెల్లుల్లితో కుతకుత ఉడికించి, చివర కోడిగుడ్డు కొట్టి వేసే వంటకమది. మాసనియమం ఉన్నందున గుడ్డు వద్దని ముందే చెప్పి, ఇక అది శాకాహారమేనన్న ధీమాతో చెంచా ముంచాము.

చారంత పలుచనా కాక, పప్పుపులుసంత చిక్కనా కాక, అది నా నోటికి కమ్మగానే తగిలింది; టోఫు మీగడలా విడిపోయింది. గోపాల్‌పూర్ తీరంలో పుట్టి పెరిగిన నా భార్య మాత్రం మొదటి గుక్కకే గిన్నె పక్కకు జరిపి, "ఇందులో ఎండు నెత్తళ్లు ఉన్నాయండీ" అన్నది. చేపముక్క ఒక్కటీ వేయలేదని ఒడియాలో వాదించిన కుర్రవాడు, మళ్లీ అడిగితే లోపలినుంచి పొడి పొట్లం తెచ్చి చూపించాడు. ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు కలిపిన పొడి అది. అతడు అబద్ధమాడలేదు, కొరియా ఇళ్లలో ఎన్నో సూపులకు ఆ రెండింటి సారమే ఆధారం. మన పులుసులో చేప కంటికి కనబడుతుంది, ఇందులో కనబడదు, అంతే తేడా.

కార్తికం ఆఖరి అయిదు రోజులు కొంగ సైతం చేపను ముట్టదని చెప్పుకునే ప్రాంతం మాది. పొట్లాలలో అమ్మే తినుబండారాలపై శాకాహారమో మాంసాహారమో తెలిపే గుర్తు ఉన్నట్లే, గరిటెతో పోసే సూపుకూ అది దేని సారమో ఒడియాలోనూ తెలుగులోనూ ఒక్క వరుస బోర్డుపై రాయించేటట్లు ఆహార భద్రతాధికారులు చూడాలని కోరుతున్నాను. చేప లేకుండా ఆ సూపు కాదని దుకాణదారు అనడానికి వీల్లేదు. కొరియా బౌద్ధాలయాలలో చేపనే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడకుండా, పుట్టగొడుగులతో, నాచుతో సారం తీస్తారు. జగన్నాథుని మహాప్రసాదం తినే మాకు ఇటువంటి నియమం వింతేమీ కాదు.

మార్గశిరంలో, గురువారం కాకుండా చూసుకుని, నేనొక్కడినే మళ్లీ వెళ్లి గుడ్డుతో సహా అదే సూపు తిన్నాను. బోర్డు మీద ఇంకా "టోఫు సూపు" అనే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా