పది లీటర్లలోపు బిల్డులు ఆపేశాను, కారణం ఇదీ

మన షాపులో పీసీ కట్టించుకున్న వాళ్ళందరికీ, అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్న వాళ్ళకి మరీ ముఖ్యంగా. లోపలి చోటు పది లీటర్లలోపు ఉండే చిన్న శాండ్‌విచ్ క్యాబినెట్‌లో గేమింగ్ పీసీలు కట్టడం ఆపేశాను. స్టాక్ లేక ఆపేశాడని కొందరు, రేటు పెంచడానికి ఆపేశాడని కొందరు సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల్లో అప్పుడే చెప్పుకుంటున్నారట, ఆ మాట మీ చెవిన పడేలోపు అసలు సంగతి నేనే చెప్తా. ఆపింది రైజర్ కేబుల్ వల్ల.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. మినీ ఐటీఎక్స్ బోర్డు 170 మి.మీ. పొడవు, 170 మి.మీ. వెడల్పు, 2001లో వియా కంపెనీ తెచ్చిన సైజు, ఇప్పటికీ అదే కొలత. గ్రాఫిక్స్ కార్డుకి దాని మీద ఒకటే స్లాటు. మామూలు క్యాబినెట్‌లో కార్డు ఆ స్లాటులో నేరుగా దిగుతుంది. శాండ్‌విచ్‌లో కార్డుని బోర్డు వెనక్కి తిప్పి రెండిటినీ వీపులు ఆనించి కూర్చోబెడతాం, స్లాటు నుంచి ఒక పలచటి వెడల్పాటి కేబుల్ బయల్దేరి మలుపు తిరిగి వెనక ఉన్న కార్డు దాకా వెళ్తుంది, అదే రైజర్. డాన్ ఏ4 అనే జర్మన్ డిజైన్ 7.2 లీటర్లలో పెద్ద కార్డు పట్టించింది ఈ పద్ధతితోనే. మనం జీడిమెట్లలో షీట్ కటింగ్, పౌడర్ కోటింగ్ చేయించి తెచ్చుకునే క్యాబినెట్ కూడా ఇదే దారి. క్యాబినెట్ మనది, స్క్రూ రంధ్రాల దగ్గర్నుంచి మన కొలతలే, రైజర్ ఒక్కటే బయటిది, దానికి ఒక ఇంపోర్టర్ మీద ఆధారపడ్డాం. ఆయన పేరు రాయను.

మొన్న వచ్చిన బ్యాచ్ రైజర్లతో కట్టిన పీసీల్లో ఒక్కొక్కటే కంప్లైంట్ మొదలైంది, అన్నిటికీ ఒకటే లక్షణం. డెస్క్‌టాప్ బాగుంటుంది, సినిమా బాగా ఆడుతుంది, గేమ్ మొదలుపెట్టి పెద్ద మ్యాప్ లోడ్ అయ్యే టైంకి స్క్రీన్ నల్లగా అయిపోతుంది, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకుంటాయి, హెడ్‌ఫోన్స్‌లో గేమ్ సౌండ్ మాత్రం వస్తూనే ఉంటుంది. అంటే పీసీ బతికే ఉంది, కార్డు మాత్రం లైన్‌లోంచి జారిపోయింది. మొదట అందరూ అనుమానించేది ఎస్ఎంపీఎస్‌ని, అంటే పవర్ సప్లై డబ్బాని, తర్వాత డ్రైవర్‌ని, అవి రెండూ మార్చి చూశాం. తర్వాత అదే కార్డు, అదే బోర్డు బల్ల మీద పెట్టి రైజర్ లేకుండా నేరుగా స్లాటులో గుచ్చితే రాత్రంతా నడిచింది. కొత్త రైజర్ పెట్టి బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) స్లాటు స్పీడ్ జెన్ 4 ఉంచితే పడిపోయింది, జెన్ 3కి దించితే నిలబడింది, షాపులో మిగిలిన పాత బ్యాచ్ రైజర్ పెట్టి మళ్ళీ జెన్ 4 చేస్తే చక్కగా నడిచింది. ఇంతకంటే ఎవరికి ఏం రుజువు కావాలో నాకు తెలీదు.

అయినా ఒక కొత్త రైజర్ కోసి చూశా. పైన నల్లటి స్లీవ్ అదే, స్టిక్కర్ అదే, పార్ట్ నంబర్ కూడా అదే. లోపల పాతదాంట్లో విడివిడి పట్టీలు, ప్రతి పట్టీకి దాని షీల్డింగ్, కనెక్టర్ దగ్గర టంకం మీద గట్టిగా జిగురు పోసి ఉంటుంది, వంచితే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారతాయి తప్ప టంకం మీద లాగుడు పడదు. కొత్తదాంట్లో పట్టీల మధ్య షీల్డింగ్ తగ్గించేశారు, టంకం మీద జిగురు పేరుకే ఉంది. జెన్ 3లో ఒక్కో లేన్ (డేటా వెళ్ళే దారి) మీద వెళ్ళేదానికి జెన్ 4లో రెట్టింపు వెళ్తుంది, సెకనుకి 8 నుంచి 16 గిగాట్రాన్స్‌ఫర్లు, ఆ స్పీడ్‌లో కేబుల్ ఏమాత్రం తక్కువ రకమైనా, మలుపు ఏమాత్రం బిగువైనా సిగ్నల్ నిలవదు. మన క్యాబినెట్‌లో మలుపు బిగువే, పది లీటర్లలో ఇంకెలా ఉంటుంది, పాత రైజర్ అదే మలుపులో ఏళ్ళ తరబడి నడుస్తోంది కదా.

ఫోటోలు తీసి ఇంపోర్టర్‌కి పంపించి ఫోన్ చేశా. ముందు "మిగతా ఎవరి దగ్గర్నుంచీ కంప్లైంట్ రాలేదు" అన్నాడు. తర్వాత "మీ అసెంబ్లీలో ఎక్కడో నొక్కుకుంటోంది, మీ కుర్రాళ్ళకి చేతకావట్లేదేమో చూసుకోండి" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. ఆయన డబ్బాలు దింపి డబ్బాలు అమ్మే మనిషి, రైజర్ ఎటు వంచితే ఎటు బిగుస్తుందో ఆయన ఏనాడైనా చేత్తో పట్టుకుని చూశాడా? మా కుర్రాళ్ళు ఎస్ఎంపీఎస్ వైర్లు ఒక్కొక్కటీ కొలిచి కత్తిరించి స్లీవ్ వేసి, మూత మూసేటప్పుడు ఒక్క వైరు కూడా మూతకి ఆనకుండా కడతారు, ఆ పని చూసి బెంగళూరు నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. చివరికి వచ్చేసరికి స్వరం మార్చి "భయ్యా, జెన్ 3లో పెట్టి ఇచ్చెయ్, కస్టమర్‌కి ఏం తెలుస్తది, కావాలంటే నెక్స్ట్ లాట్‌లో రేటు తగ్గిస్తా" అన్నాడు. లోపల సరుకు మారిందని ఆయనకి ముందే తెలుసని నాకు అక్కడ అర్థమైంది.

ఈ జెన్ 3 సంగతి మీకు పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే నాకు నిద్ర పట్టనివ్వంది ఇదే. ఆయన చెప్పినదాంట్లో సాంకేతికంగా తప్పు లేదు. 16 లేన్లు వాడే కార్డు అయితే, అంటే ఎన్విడియా 5070, 5080 లాంటివి, జెన్ 4 నుంచి జెన్ 3కి దించితే చాలా గేముల్లో కంటికి తేడా కనపడదు, బెంచ్‌మార్క్ పెట్టి కొలిస్తేనే కాస్త కనపడుతుంది. నాకు సలహా చెప్పిన వాళ్ళంతా, మా ఇంట్లో వాళ్ళతో సహా, అదే చెయ్యమన్నారు, బయోస్‌లో ఒక సెట్టింగ్, ఎవరికీ నష్టం లేదు, ఆర్డర్లు ఆగవు, అడ్వాన్సులు వెనక్కి ఇవ్వక్కర్లేదు. లెక్క చూస్తే వాళ్ళు చెప్పిందే కరెక్ట్, నేను కూడా ఒక దశలో దాదాపు అటే మొగ్గాను. కానీ 5060 టీఐ తీసుకున్న తమ్ముళ్ళు ఉన్నారు, ఆ కార్డు వాడేది 8 లేన్లే, అందులోనూ 8 జీబీ రకం అయితే మెమరీ నిండగానే డేటా ఈ దారినే అటూ ఇటూ తిరగాలి, అక్కడ జెన్ 3 అంటే గేమ్ పట్టి పట్టి నడవడం చేత్తో మౌస్ పట్టుకున్న వాడికి తెలుస్తుంది. తక్కువ బడ్జెట్ పెట్టిన వాడికే ఎక్కువ దెబ్బ తగులుతుంది.

50 సిరీస్ కార్డులు జెన్ 5వి, మనం రైజర్ కోసం జెన్ 4కి కట్టేసి ఇస్తాం, కానీ అది బిల్లు మీద రాసి ఇస్తాం, మీరు ఒప్పుకునే తీసుకెళ్తారు. బిల్లు మీద జెన్ 4 అని రాసి లోపల జెన్ 3 పెట్టడం వేరు. పోనీ బిల్లు మీద జెన్ 3 అనే రాసి అమ్ముదామంటే, ఈ రోజు జెన్ 3లో నిలబడిన నాసిరకం కేబుల్ రెండు ఎండాకాలాలు వేడిలో ఉడికాక కూడా నిలబడుతుందని నేను ఏ ధైర్యంతో సంతకం పెట్టాలి?

రైజర్ అంటే సిగ్నల్ ఒక్కటే కాదు కదా, స్లాటు నుంచి 75 వాట్ల దాకా కరెంటు కూడా దాని మీదుగానే కార్డుకి వెళ్ళొచ్చు. ఎన్‌జెడ్ఎక్స్‌టీ హెచ్1 క్యాబినెట్ సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రైజర్‌ని బిగించే ఇనుప స్క్రూల వల్ల షార్ట్ అయి నిప్పంటుకునే ప్రమాదం ఉందని తేలింది. ఆ కంపెనీ ముందు నైలాన్ స్క్రూలు పంపించింది, అది చాల్లేదు, 2021 ఫిబ్రవరిలో అమెరికాలో రీకాల్ ప్రకటించి రైజరే మార్చాల్సి వచ్చింది. మన కేసులో నిప్పు లాంటి ప్రమాదమేమీ కనపడలేదు, భయపడకండి, లోపం కూడా అదే కాదు. కానీ రైజర్‌లో తేడా వస్తే రైజరే మార్చాలి, పక్కన ఇంకేదో సర్దితే పని జరగదు అని నేను పట్టుబట్టడానికి అదొక కారణం.

వేరే మంచి రైజర్లు లేవా అంటే ఉన్నాయి, విడిగా తెప్పించొచ్చు, కానీ పొడవు మన క్యాబినెట్‌కి సరిపోయేది దొరకాలి, కస్టమ్స్, 18 శాతం జీఎస్టీ కలుపుకుంటే రైజర్ ఖరీదు క్యాబినెట్ ఖరీదుకి దగ్గరగా వస్తోంది, అది మీ మీద వెయ్యడం నాకు ఇష్టం లేదు. ఇంకో ఇంపోర్టర్‌ని నమ్ముకుని అతనూ రేపు స్టిక్కర్ మార్చకుండా సరుకు మారిస్తే మళ్ళీ మొదటికే వస్తాం. చెప్పకుండా మార్చగలిగే పార్ట్ మన పీసీలో అసలు ఉండకూడదని తేల్చుకున్నా.

అందుకే రైజర్ లేని క్యాబినెట్‌కి వెళ్తున్నాం. కార్డు నేరుగా బోర్డు స్లాటులోకే. ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు ఎస్ఎంపీఎస్ ముందు వైపు, కార్డు కింద, మొత్తం దగ్గర దగ్గర 14 లీటర్లు. నాలుగు లీటర్లు పెరిగింది, అది నాకు ఎంత కష్టంగా ఉందో మీకు తెలీదు, షాపు బోర్డు మీద "పది లీటర్లలోపు" అని రాయించుకున్న వాణ్ణి, ఆ మాట చూసి లోపలికి వచ్చిన వాళ్ళే మీలో సగం మంది. దీన్ని అప్‌గ్రేడ్ అని చెప్పి మీకు అమ్మను. చిన్నగా కావాలని వచ్చిన వాళ్ళకి ఇది తగ్గడమే. సంక్రాంతికి బ్యాగులో పెట్టుకుని బస్సులో ఊరెళ్ళే పీజీ కుర్రాళ్ళకి ఇప్పటికీ బ్యాగులో పడుతుంది, విమానం క్యాబిన్ బ్యాగు కొలతల్లోనూ పడుతుంది గానీ 7 కిలోల బరువులో సరిపోతుందని మాత్రం మాట ఇవ్వలేను, పెద్ద కార్డు వేస్తే దాటుతుంది.

లాభం ఉన్నచోట ఉంది, అదీ చెప్తా. పాతదాంట్లో సీపీయూ కూలర్‌కి 47 మి.మీ. దాటి ఎత్తు లేదు. మే నెలలో గది టెంపరేచరే 38, 40 ఉన్నప్పుడు 7800ఎక్స్3డి ప్రాసెసర్ చీటికీ మాటికీ దాని హద్దు 89 డిగ్రీలు తాకి స్పీడ్ తగ్గించుకునేది, అందుకే వోల్టేజ్ తగ్గించి ట్యూన్ చేసి ఇచ్చేవాళ్ళం. కొత్తదాంట్లో 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న ఎత్తైన కూలర్ పడుతుంది, ట్యూనింగ్ ఎలాగూ చేస్తాం, కానీ ఇక చప్పుడు తగ్గుతుంది. కార్డు పవర్ కనెక్టర్ దగ్గర కూడా వైరు వెంటనే వంచకుండా 35 మి.మీ. వదలగలుగుతున్నాం, అది నాకు నిజంగా నచ్చింది. క్యాబినెట్ రేటు పాతదే, షీట్ ఖర్చు పెరిగినా రైజర్ ఖర్చు పోయింది. ర్యామ్ రేట్లు మాత్రం నన్ను అడగొద్దు, 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి అవి ఎవరి చేతిలోనూ లేవు, కొటేషన్ ఆ రోజుకే చెల్లుతుంది.

అడ్వాన్స్ ఇచ్చిన వాళ్ళు 14 లీటర్లకి ఒప్పుకుంటే అదే రేటుకి కట్టిస్తా, వద్దనుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి, అందులో పైసా పట్టుకోను, కారణం కూడా చెప్పక్కర్లేదు. పాత క్యాబినెట్టే కావాలి, రైజర్ మేమే తెచ్చుకుంటాం అంటే క్యాబినెట్ ఇస్తా, పీసీ కట్టి ఇస్తా, కానీ ఆ రైజర్‌కి నా వారంటీ ఉండదు, ముందే చెప్తున్నా.

ఇప్పటికే తీసుకెళ్ళిన వాళ్ళు ఇలా చూసుకోండి. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ పక్కన ఉన్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడపండి, ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే కంగారు పడకండి, లోడ్ మీద 4.0 రావాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ అనే హార్డ్‌వేర్ తప్పుల వార్నింగులు వరసగా కనపడినా, గేమ్ మధ్యలో పైన చెప్పినట్టు స్క్రీన్ పోయినా ఫోన్ చేసి పీసీ తీసుకురండి. పాత బ్యాచ్ రైజర్లు కొన్ని ఉన్నాయి, వాటితో కొత్త పీసీలు కట్టకుండా పక్కన పెట్టింది మీ కోసమే, ఫ్రీగా మార్చి, జెన్ 4లో రాత్రంతా నడిపి చూసి ఇస్తాం. వేరే ఊరి వాళ్ళయితే కొరియర్ ఖర్చు రెండు వైపులా నాదే, కార్డు మాత్రం విడిగా ప్యాక్ చెయ్యండి, బిగించి ఉన్న కార్డుతో పంపితే దారిలో స్లాటు విరుగుతుంది. పాత బ్యాచ్ పీసీలు బాగా నడుస్తుంటే వాటి జోలికి వెళ్ళొద్దు, దుమ్ము దులిపేటప్పుడు కూడా రైజర్ పీకొద్దు, సైడ్ ప్యానెల్స్ తీసి బ్లోయర్ కొడితే చాలు.

ఆ ఇంపోర్టర్ దగ్గర ఇక ఏదీ కొనను, సగం రేటుకి ఇచ్చినా కొనను. మిగిలిన కొత్త రైజర్లు కట్ట కట్టి షాపులోనే ఉంచాను, వెనక్కి తీసుకుంటే తీసుకున్నాడు, లేకపోతే నష్టం నాది, తక్కువ రేటుకి ఇమ్మని అడిగిన పక్క షాపుల వాళ్ళకి కూడా ఇవ్వలేదు, ఇవ్వను. కొత్త క్యాబినెట్ మొదటి లాట్ పౌడర్ కోటింగ్‌లో ఉంది, ముందు నలుపు ఒక్కటే వస్తుంది, తెలుపు అడిగిన వాళ్ళు తర్వాతి లాట్ దాకా ఆగాలి.