పంతులూ, ఒక శనివారం సంగతి

అట్లాంటా,
ఆదివారం రాత్రి

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఎంత తిట్టుకున్నా పడతాను. పిల్ల బడికి వెళుతోంది, అమ్మ ఇక్కడే ఉంది, మోకాళ్లు అలాగే ఉన్నాయి, నా ఉద్యోగం ఇంకా ఊడలేదు. క్షేమ సమాచారాలు అయిపోయాయి.

ఇక్కడ నేను వెళ్లే సెలూను నల్లజాతి వాళ్లది. మొదటిసారి నా నూనె తల చూసి సెలూను ఆయన కత్తెర పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాడు. (నవ్వకు. పదో తరగతి ఫొటోలో నీ క్రాపు నా దగ్గర భద్రంగా ఉంది.) శనివారం వస్తే అదొక రచ్చబండ. బాస్కెట్‌బాల్, ఎన్నికలు, అల్లుళ్లు... క్షవరం అయినా ఎవరూ లేవరు.

పోయిన శనివారం నా ముందు ఒక పెద్దాయన కూర్చున్నాడు. లారీ డ్రైవరు, అరవై దాటి ఉంటాయి, నవ్వితే అద్దాలు అదురుతాయి. గడ్డానికి వేడి తువ్వాలు చుట్టారు, ముక్కు ఒక్కటే బయటికి ఉంది. ఆ తువ్వాలులోంచి, "మూడు నెలలుగా నిద్ర లేదు" అన్నాడు. భార్య పోయిందట. పక్క కుర్చీ కుర్రాడు "గట్టిగా ఉండాలి అన్నా" అనబోతుంటే సెలూను ఆయన చేయెత్తి ఆపాడు. టీవీ కట్టేశాడు. కాసేపాగి, దువ్వెన ఎక్కడుందని అడిగినంత మామూలుగా అడిగాడు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

పంతులూ, నాకు చెమటలు పట్టాయి. ఆ మాట అలా అడగవచ్చా? పెద్దాయన పలకలేదు. తువ్వాలు మాత్రం పైకీ కిందికీ కదులుతోంది. చివరికి "ఒక్కోసారి" అన్నాడు. ఆ తరువాత ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, పదిమంది మగవాళ్ల మధ్య. తువ్వాలు తీస్తామని ఎవరూ అనలేదు.

988కి ఇద్దరూ కలిసే ఫోను చేశారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ల కోసం 2022 నుంచి ఈ దేశమంతటా పనిచేస్తున్న నంబరు అది. కూతురు వచ్చి తీసుకెళ్లింది. నా వంతు వచ్చేసరికి సెలూను ఆయన మనసు ఎక్కడో ఉంది, నా కుడి చెవి పైన జుట్టు కొంచెం ఎక్కువే పోయింది. ఫొటో పంపను.

కత్తిరిస్తూనే చెప్పాడు. ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో లోరెంజో లూయిస్ అనే ఆయన 2016లో 'కన్ఫెస్ ప్రాజెక్ట్' మొదలుపెట్టి సెలూను వాళ్లకు ఇలా వినడం నేర్పిస్తున్నాడట. మా సెలూను ఆయనా అలాంటి శిక్షణే తీసుకున్నాడు. డాక్టరు దగ్గరికే పంపవచ్చు కదా అన్నాను. కత్తెర ఆగింది. "టస్కీగీ ఇక్కడికి రెండు గంటల దారి" అన్నాడు. అది అలబామాలోని ఊరు. 1932 నుంచి 1972 దాకా దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్లను అక్కడ సర్కారు వైద్యులు పరిశీలనలో పెట్టారు. సిఫిలిస్ అనే సుఖరోగం ఉన్నవాళ్లకు ఆ మాటే చెప్పలేదు, దానికి మందుగా పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. "మా తాత చివరి దాకా ఆసుపత్రి గడప తొక్కలేదు. వీధిలో ఏడిస్తే మెత్తనివాడంటారు. పోలీసు ముందు కోపం చూపిస్తే ఇంటికి తిరిగి రాము. ఇక మాకు మిగిలింది నవ్వే." పెద్దాయన నవ్వు గుర్తొచ్చి నాకు ఏదోలా అయింది.

పక్క కుర్చీ కుర్రాడు మాత్రం బాస్కెట్‌బాల్ ఆటగాడు డిమార్ డిరోజన్ పేరెత్తాడు. 2018లో, టొరంటో జట్టులో పెద్ద ఆటగాడిగా ఉండగానే, తనకు కుంగుబాటు ఉందని బయటపెట్టాడు కదా, అతను మగాడు కాదా అని వాదన. అక్కడితో మళ్లీ బాస్కెట్‌బాల్‌లో పడ్డారు.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే... మీ నాన్నగారు పోయిన రోజు నువ్వు కుండ భుజాన పెట్టుకుని నిలబడితే, నీ చెవిలో నేనన్నది గుర్తుందా? "ఏడవకురా, అమ్మ చూస్తోంది" అన్నాను. నువ్వు నిజంగానే ఏడవలేదు. ఆ తరువాతైనా ఎప్పుడైనా... నేను అడగలేదు. కోడిపుంజు కథ చెప్పి నవ్వించేవాడిని, నువ్వు నవ్వేవాడివి.

పెద్దాయన మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్లాడు. సెలూను మూసి ఆయనే కారులో దింపాడట. రెండోసారి వెళతాడో లేదో ఇంకా తేలలేదు.

నీకు నిద్ర పడుతోందా? నిజం రాయి, కోడిపుంజు వద్దు. అమ్మ మందుల కోసం పిలుస్తోంది, మళ్లీ