పెద్దాళ్ల ఫిడేలుకి ఓ గది చూపించండి

వయసైపోయిందని పెద్దాళ్ల చేత వాయిద్యం మానిపించడం మన అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది, ఇది అస్సలు మంచిది కాదు. మా పక్క ఫ్లాట్ తాతగారికి 78 ఏళ్లు, కళ్లజోడు నుదుటి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటారు గానీ, చాప మీద కూచుని ఫిడేలు కొమ్ము కుడి చీలమండకి ఆనించారంటే భైరవి రాగంలో వర్ణం (కర్ణాటక సంగీతంలో ఓ రకం రచన) మామూలు వేగంలోనూ, దానికి రెట్టింపు వేగంలోనూ ఒక్క స్వరం తప్పరు, పైగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తున్నా మనం చెప్పింది ఠక్కున అందుకుంటారు, ఆయన కన్నా పదేళ్లు చిన్నోడు మా నాన్నకేమో మూడుసార్లు అరిచి చెప్పాలి. 2011లో అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీ వాళ్లు 60 నుంచి 83 ఏళ్ల వాళ్లని 70 మందిని పరీక్షిస్తే, పదేళ్లకి తక్కువ కాకుండా వాయిద్యం వాయించినవాళ్లు అసలు నేర్చుకోనివాళ్ల కన్నా చూసింది గుర్తుపెట్టుకోవడంలో, వస్తువుల పేర్లు చెప్పడంలో మెరుగ్గా ఉన్నారు, వాళ్లేం కచేరీ విద్వాంసులు కాదు, సరదాకి వాయించుకునేవాళ్లే (సంగీతం వల్లే చురుగ్గా ఉన్నారా, చురుకైనవాళ్లే సంగీతం పట్టుకున్నారా అనేది దాంతో తేలదనుకోండి). మధ్యాహ్నం నిద్ర పాడవుతోందని అసోసియేషన్ వాళ్లు గొడవ చేస్తే నెల నుంచి ఆయన ఫిడేలు పెట్టెలోనే ఉంది, మనిషి బాల్కనీలో ఊరికే కూచుంటున్నారు. వార్డుల్లో కమ్యూనిటీ హాళ్లు ఫంక్షన్లు లేని రోజుల్లో పొద్దున 10 నుంచి 12 దాకా ఇలాంటివాళ్లకి ఫ్రీగా ఇవ్వాలి, ఊళ్లో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత కాలేజీ ఉంది కాబట్టి అక్కడి పిల్లలు వారానికోసారి మృదంగం పట్టుకొచ్చి పక్కన కూచుంటే ఇంకా బావుంటుంది, కాకపోతే మోకాళ్ల నొప్పులోళ్లు మెట్లెక్కలేరు, కింది ఫ్లోర్ హాలే చూడండి.

– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ